రకు రవత్తు

విండోస్ ఎక్స్‌పీ రోజులలో తెర మీద తెలుగు చూడడానికి మనం పడిన పాట్లు ఈ పుటకు వచ్చే పాత మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ప్రాంతీయ భాషల అమరికలలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకూ కుడి నుండి ఎడమకు వ్రాసే భాషలకూ కావలసిన ఫైళ్ళు స్థాపించమనే గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఆ సీడీ ఎన్నడూ మన దగ్గర ఉండేది కాదు. ఇంటర్నెట్ సెంటరు వాడి సొరుగులో ఉండేది, ఆ సొరుగు తాళం చెవి వాళ్ళ బావమరిది దగ్గర ఉండేది. ఎట్టకేలకు పని పూర్తయితే గౌతమి ఖతిలో తెలుగు ప్రత్యక్షమయ్యేది. మా కోనసీమకు ఒక పక్కగా పారే గోదావరి పాయ పేరును అమెరికాలోని కంపెనీ తన తెలుగు ఖతికి పెట్టినందుకు ఆ రోజుల్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ గడిలోని మాట మాత్రం నాకు అప్పటి నుండి కొరుకుడు పడలేదు. తెలుగు ఎడమ నుండి కుడికి వ్రాసే భాష కదా, దీనిని అరబ్బీ, హీబ్రూలతో కలిపి ఒకే మూట ఎందుకు కట్టారు? మైక్రోసాఫ్టు గుమాస్తా ఎవరో తన సౌకర్యం కోసం చేసి ఉంటాడని సరిపెట్టుకున్నాను. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత, 2023 చివరలో, కొత్తపేట వైపు ఉన్న ఒక చిన్న ప్రెస్సులో ఆ ప్రశ్న మళ్ళీ నా ఎదుటికి వచ్చింది.

ప్రెస్సు యజమాని నాకు వరుసకు బాబాయి అవుతారు. ట్రెడిల్ యంత్రం కాలం నుండీ ఆ వ్యాపారంలోనే ఉన్న మనిషి. సీసపు అక్షరాలు చేత్తో పేర్చారు, తరువాత అను ఖతులతో పేజ్‌మేకర్‌లో చేయించారు, ఇప్పుడు శుభలేఖలూ పెద్దకార్యం కార్డులూ అచ్చుకు మాత్రమే కాక వాట్సాప్‌లో పంపుకొనే బొమ్మలుగా కూడా తయారుచేసి ఇస్తున్నారు. ఈ బొమ్మల కోసం ఆయన మేనల్లుడు హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళే ముందు పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసి ఇచ్చాడు. పేరు, తేదీ, చోటు, ఫోటో ఒక ఫోల్డరులో వేస్తే చాలు. పూల అంచుతో కార్డు తయారై పక్క ఫోల్డరులో పడుతుంది. అక్షరాలు చిత్రించడానికి పిల్లో అనే గ్రంథాలయాన్ని వాడాడు. ఖతి మన తిరుమల కృష్ణదేశికాచార్యుల వారి పోతన.

పాత కంప్యూటరు వానాకాలంలో పాడైపోతే, దాని స్థానంలో అరచేయి వెడల్పున్న చిన్న పెట్టె ఒకటి కొన్నారు. తెర అక్కరలేదు, మూలన పడి ఉంటుంది గనుక, దానిలో డెబియన్ లినక్సును డెస్కుటాపు హంగులేమీ లేకుండా స్థాపించారు. మేనల్లుడి ప్రోగ్రామును ఫోల్డరుతో సహా యథాతథంగా అందులోకి తెచ్చారు. పిల్లో ఫలానా సంచికే కావాలని అతడు ముందే వ్రాసి పెట్టుకున్నాడు కనుక అదే సంచిక దిగింది. కార్డులు తయారయ్యాయి. ఎక్కడా ఒక్క ఎర్ర అక్షరం రాలేదు.

మూడో రోజున ఒక ఇంటి పెద్ద పోయారు. ఆ పేరు ఇక్కడ వ్రాయను. వీర్రాజు అన్న మాటలో ఉన్నట్టి ర్ర ఆ పేరులో ఉన్నదని చెబితే చాలు. రాత్రివేళ వివరాలు వచ్చాయి, పెట్టె కార్డు చేసింది, ప్రెస్సులో టైపు చేసే అమ్మాయి దానిని వాళ్ళకు పంపింది. అచ్చుకు వెళ్ళే కార్డుకు రెండుసార్లు ప్రూఫు చూసే ఆచారం ఆ ప్రెస్సులో ఉన్నది గానీ, ఫోనులో వెళ్ళే బొమ్మకు ఆ మర్యాద ఇంకా ఏర్పడలేదు. తెల్లవారేసరికి ఆ బొమ్మ రాజోలు నుండి దుబాయి దాకా బంధువులందరికీ చేరిపోయింది. అందులో రకు వత్తు లేదు. మొదటి ర నెత్తిన పొల్లు, దాని పక్కన బిక్కుబిక్కుమంటూ మరొక ర. వీర్రాజు కాస్తా వీర్‌రాజు అయినట్టు.

పోయినాయన పెద్దకూతురు ఫోను చేసి పెద్దగా ఏమీ అనలేదట. "మా నాన్నగారి పేరు విరిచేశారండీ" అని మాత్రం అన్నదట. బాబాయి గారు ఆ మాటను రెండు రోజులు మోశారు. మూడో రోజున నన్ను పిలిపించారు.

"ఏరా అబ్బాయీ, చేత్తో పేర్చిన రోజుల్లో ఒత్తు లేకపోతే వేలికి తగిలేది. ఇది ఎక్కడ విరిగిందో కూడా చెప్పదా?"

"చూస్తానండీ బాబాయి గారూ" అన్నాను. నిజానికి ఆయన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. అది ఏమీ చెప్పలేదు. అసలు కథంతా ఆ చెప్పకపోవడంలోనే ఉన్నది.

పిల్లోకు అక్షరాలను పేర్చే పద్ధతులు రెండున్నాయి. ఒకటి ప్రాథమికం: కోడ్‌పాయింట్లను వరసగా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు అది చాలు. రెండవది రాక్మ్ అనే మరొక గ్రంథాలయం ద్వారా జరిగేది. రాక్మ్ తన కింద ముగ్గురు పనివాళ్ళను పెట్టుకుంటుంది: ఏ ముక్క ఎటు నుండి ఎటు నడుస్తుందో చెప్పేది ఫ్రీబిడి, అక్షరాలను కలిపి ఒత్తులూ గుణింతాలూ రూపొందించేది హార్ఫ్‌బజ్, గీతలు గీసేది ఫ్రీటైప్. పైథాన్ వాళ్ళ భాండాగారం నుండి తెచ్చుకొనే పిల్లోలో 8.2 సంచిక నుండి రాక్మ్ లోపలే ఇమిడి వస్తుంది; ఫ్రీబిడిని మాత్రం నడిచే సమయంలో యంత్రంలో ఉన్నదేమోనని వెదుక్కుంటుంది. కనబడకపోతే రాక్మ్ మొత్తాన్నీ పక్కన పెట్టి, గప్‌చుప్‌గా ప్రాథమిక పద్ధతికి దిగిపోతుంది.

పాత కంప్యూటరులో డెస్కుటాపు ఉండేది, డెస్కుటాపుకు ఫ్రీబిడి అవసరం కనుక అది ఎప్పుడూ అక్కడ ఉండేది. కొత్త పెట్టెలో డెస్కుటాపు లేదు, కనుక ఫ్రీబిడి లేదు, కనుక రాక్మ్ లేదు, కనుక హార్ఫ్‌బజ్ దాకా పని పోలేదు, కనుక రకు రవత్తు రాలేదు. కుడి నుండి ఎడమకు వ్రాసే భాషల కోసం పుట్టిన పనిముట్టు లేకపోయేసరికి తెలుగు ఒత్తు ఊడిపోయింది. ఎక్స్‌పీ గడిలో ఆ రెండింటినీ ఒకే మూట ఎందుకు కట్టారో నాకు అప్పుడు తెలిసివచ్చింది. రెండూ వాక్యాన్ని తెర మీద పేర్చే ఒకే శాఖ పనులు. హార్ఫ్‌బజ్ అన్నది పారసీక పదబంధం, రాక్మ్ అన్నది అరబ్బీ మాట. మన ద్విత్వాక్షరం నిలబడడానికి పారసీకమూ అరబ్బీ భుజం పట్టవలసి రావడం నాకు ముచ్చటగానే తోచింది, కారణమైన సందర్భం అటువంటిది కాకపోయి ఉంటే.

ఫ్రీబిడిని స్థాపించడానికి ఒక్క నిమిషం పట్టింది. ఒత్తు తిరిగి వచ్చింది. అక్కడితో ఆపి కాఫీ తాగి వచ్చేయవచ్చు. కానీ రేపు ఎవరో పెట్టె మారుస్తారు, ఎల్లుండి డెబియన్ కొత్త సంచిక వస్తుంది, మరొక ఇంట్లో మరొక పేరు వస్తుంది. నన్ను పట్టుకున్న సంగతి వేరొకటి: ఇందులో ఎవరిదీ తప్పు లేదు. ఖతి నిక్షేపంలా ఉన్నది. పిల్లో తన పత్రాలలో చెప్పినట్టే నడుచుకున్నది. మేనల్లుడి ప్రోగ్రాము అతని యంత్రంలో సరిగ్గా పనిచేసింది. డెబియన్ అడిగినవి మాత్రమే స్థాపించింది. ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షకు కూర్చోబెడితే నూటికి నూరు మార్కులు వస్తాయి. విరిగింది వాటి మధ్య ఉన్న సందులో.

మా వైపు వాళ్ళకు ఇది వింత విషయం కాదు. ధవళేశ్వరం దగ్గర నీరు వదిలితే, లాకులు దాటుకుంటూ, గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు దాటుకుంటూ ఆ నీరు శివారు పొలాలకు చేరాలి. ప్రతి లాకు దగ్గరా ఉన్న మనిషి తన లాకు బాగున్నదనే చెబుతాడు, అది నిజమే అయి ఉంటుంది. నీరు అందిందా లేదా అన్నది శివారు రైతు గట్టు మీద నిలబడి చెప్పవలసిన మాట. సాఫ్టువేరులో ఆ గట్టు మీద నిలబడడాన్ని ఇంటిగ్రేషన్ టెస్ట్ అంటారు. అనుసంధాన పరీక్ష అందాం.

డెబియన్ వాళ్ళు ఈ గట్టును చాలా శ్రద్ధగా కట్టుకున్నారు. ఏ ప్యాకేజీకైనా దాని మూలంలో డెబియన్ అనే డైరెక్టరీ ఉంటుంది. అందులో టెస్ట్స్ అనే ఉపడైరెక్టరీ, దానిలో కంట్రోల్ అనే ఫైలు పెట్టి, ఏ పరీక్షలు నడపాలో, వాటికి ఏమేమి కావాలో వ్రాస్తే, ఆటోపికేజీటెస్ట్ అనే పనిముట్టు మిగిలినది చూసుకుంటుంది. అది చేసే పని చెప్పడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఖాళీ యంత్రం ఒకటి తెస్తుంది. అది నిజంగా ఒక కంటెయినరో, లోపలి యంత్రమో అవుతుంది. దానిలో ప్యాకేజీని, అది తనకు అవసరమని చెప్పుకున్న వాటినీ మాత్రమే స్థాపిస్తుంది. తరువాత పరీక్ష నడుపుతుంది. సున్నా వస్తే గెలుపు. చివరికి ఆ యంత్రాన్ని పారవేస్తుంది.

ఇందులోని ‘మాత్రమే’ అన్న మాట మీద కాసేపు ఆగాలి. ప్యాకేజీ కట్టే సమయంలో కూడా పరీక్షలు నడపవచ్చు, చాలామంది నడుపుతారు. అయితే కట్టే చోట తాపీలూ, గోతాలూ, నిచ్చెనలూ అన్నీ ఉంటాయి. వాటిలో దేనినో ఆనుకొని గోడ నిలబడి ఉంటుంది. గృహప్రవేశం నాడు నిచ్చెన తీసేస్తే తెలుస్తుంది. పాత కంప్యూటరులోని డెస్కుటాపు అచ్చంగా అటువంటి నిచ్చెన. కంట్రోల్ ఫైలులో డిపెండ్స్ అన్న వరుసలో ఒక్క @ గుర్తు పెడితే, "ఈ మూలం నుండి వచ్చిన ప్యాకేజీలూ, అవి చెప్పుకున్న అవసరాలూ" అని అర్థం. ఆ గుర్తు పక్కన ఇంకేదో చేర్చాలని మనసు లాగుతుంది, పరీక్ష తేలికగా గట్టెక్కుతుంది కనుక. చేర్చిన ప్రతిదీ ఒక నిచ్చెనే.

కనుక ముందుగా మేనల్లుడి ప్రోగ్రామును అతని అనుమతితో డెబియన్ ప్యాకేజీగా కట్టాను. దాని అవసరాలలో డెబియన్ వారి పిల్లోనూ, పోతన, వేమన ఖతులున్న ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రానూ వ్రాశాను. డెబియన్ పిల్లో తనతో రాక్మ్‌నూ, దాని వెంట ఫ్రీబిడినీ హార్ఫ్‌బజ్‌నూ తెచ్చుకుంటుంది కనుక పెట్టెలో అవి లేకపోవడమన్న ప్రశ్న ఉండదు. తరువాత పరీక్ష.

ఏమని పరీక్షించాలి? అందరికీ మొదట తోచేది, సరిగ్గా ఉన్న కార్డు బొమ్మ ఒకటి దాచి, కొత్త బొమ్మను దానితో చుక్క చుక్కకూ పోల్చడం. నేను ఆ దారి తొక్కలేదు. ఫ్రీటైప్ కొత్త సంచిక వచ్చి అక్షరపు అంచున నాలుగు బూడిదరంగు చుక్కలను అటూ ఇటూ జరిపితే, కంటికి తేడా తెలియకపోయినా పరీక్ష ఓడిపోతుంది. అలా ఏ కారణమూ లేకుండా ఓడిపోయే పరీక్షకు నాన్నా పులి కథలో పిల్లవాడికి పట్టిన గతే పడుతుంది. నాలుగోసారి ఎవరూ పరుగెత్తి రారు. పులి వచ్చేది సరిగ్గా అప్పుడే.

అందుచేత చుక్కలను వదిలి సంబంధాన్ని పట్టుకున్నాను. ప్రాథమిక పద్ధతిలో ర్ర వెడల్పు, ‘ర్’ వెడల్పూ ‘ర’ వెడల్పూ కలిపినంత ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి కనుక. ఒత్తు సరిగ్గా కుదిరితే రెండవ ర మొదటి దాని కిందికి ఒదిగిపోతుంది. మొత్తం వెడల్పు తగ్గుతుంది. అంతే పరీక్ష: కలిపినది, విడివిడి ముక్కల మొత్తం కన్న ఇరుకుగా ఉన్నదా? ఖతి మారినా, అక్షరం పరిమాణం మారినా, అంచులోని చుక్కలు మారినా ఈ మాట చెల్లుతుంది. దానితో పాటు మరొకటి: ఖతిలో లేని అక్షరానికి వచ్చే ఖాళీ డబ్బా గానీ, అతకని గుణింతానికి హార్ఫ్‌బజ్ పెట్టే చుక్కల సున్న గానీ ఎక్కడా రాకూడదు.

పరీక్షకు కూడా పరీక్ష పెట్టాలి. రాక్మ్‌ను కావాలని పక్కకు తప్పించి, ప్రాథమిక పద్ధతిలోనే పేర్చమని చెప్పి నడిపాను. ర్ర దగ్గర ఓడింది. ఓడినందుకు సంతోషించిన పరీక్ష నా జీవితంలో అదొక్కటే.

ఆటోపికేజీటెస్టుకు ఒక చాదస్తం ఉన్నది. ప్రోగ్రాము తన పని సరిగ్గా చేసి సున్నా ఇచ్చినా సరే, దోషాలు చెప్పుకొనే వరుసలో ఒక్క అక్షరం పలికినా ఓడినట్టే లెక్క వేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు ఒత్తులన్నీ కుదిరాయి, పరీక్ష మాత్రం ఓడింది. చూస్తే పిల్లో ఒక హెచ్చరిక గొణిగింది: అక్షరాల కొలత కోసం మేనల్లుడు వాడిన టెక్స్ట్‌సైజ్ అన్న ఫంక్షను 10వ సంచికలో ఉండదని. ఆ హెచ్చరిక పెట్టెలోనూ ప్రతిసారీ వస్తూనే ఉండి ఉంటుంది, తెర లేని పెట్టె గొణుగుడు వినేవారెవరు? కంట్రోల్ ఫైలులో అలో-స్టడ్‌ఎర్ర్ అని ఒక్క మాట చేరిస్తే ఆ చాదస్తం పోతుంది, నోరు మూసుకుంటుంది. చేర్చలేదు. ఆ ఫంక్షను ఉన్న నాలుగు చోట్లా కొత్తదానిని వ్రాశాను. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో పిల్లో 9.4 ఉన్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 11వ సంచిక ఉన్నది, అందులో ఆ ఫంక్షను లేదు. నోరు మూయించి ఉంటే, సంచిక మారిన రోజున కార్డులు ఒక్కటీ తయారయ్యేవి కావు. అయినా అది నయమే. తయారు కాని కార్డు ఎవరి మనసునూ నొప్పించదు.

ఇక మాటల జాబితా. నిఘంటువు నుండి సంయుక్తాక్షరాలను దించి పోయవచ్చు, పోశాను కూడా. కానీ బాబాయి గారికి నచ్చినది మరొక పద్ధతి. "మనం అచ్చు వేసేవి మన ఊళ్ళ పేర్లే కదరా, అవే పెట్టు" అన్నారు. నిజంగానే కోనసీమ ఊళ్ళ పేర్లను మించిన పరీక్షాపత్రం నాకు కనబడలేదు. పుల్లేటికుర్రు, గంగలకుర్రు రెండింటిలోనూ ర్రు. ముక్తేశ్వరంలో క్తే, శ్వ. ముమ్మిడివరం, అప్పనపల్లి, మురమళ్ళ, అయినవిల్లి. ర్యాలిలో రకు యవత్తు. ఆత్రేయపురంలో త్రే. కనుమ నాడు పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు చేరే జగ్గన్నతోటలో గ్గ, న్న పక్కపక్కనే. ఆ ఊళ్ళలో ఒకటైన వ్యాఘ్రేశ్వరం ఒక్కటే మూడు ఒత్తుల మాట. ఘ్రే దగ్గర ఏత్వమూ రవత్తూ కలిసి పైనా కిందా ఒకేసారి కూర్చోవాలి. ఆయన పాత శుభలేఖల కట్టలు విప్పి, ఇంటిపేర్లు కూడా చీటీల మీద వ్రాసి పంపడం మొదలుపెట్టారు. కొన్నిటికి అరసున్నలు కూడా ఉండేవి. అవీ చేర్చాను.

జాబితాలో ఒక వరుస మాత్రం మా ఊళ్ళది కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులను కూలదోసిన తెలుగు అక్షరాన్ని మీరు మరచిపోయి ఉండరు. జ, పొల్లు, ఞ, తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. జ్ఞానంలోని మొదటి అక్షరమే, నడుమ ఒక శూన్యం దూరింది. ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలి మళ్ళీ తెరుచుకునేది కాదు. యాపిల్ 11.2.6 సంచికతో దానిని సరిదిద్దింది. అప్పట్లో ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఫోనులను చంపుతున్నదని వ్రాస్తే మనలో కొందరు నవ్వుకున్నాం, కొందరికి కోపం వచ్చింది. నేను రెండో రకం. ఐదక్షరాల ఆ వరుస అంత పెద్ద కంపెనీ పరీక్షల జాబితాలో లేకపోయింది. మా జాబితాలో ఉన్నది. ప్రోగ్రాము దానిని చూసి కూలిపోకుండా ఏదో ఒక రూపం గీస్తే చాలునని దాని షరతు.

పరీక్ష వ్రాయడం ఒక ఎత్తు, అది తనంతట తాను నడిచేలా చేయడం మరొక ఎత్తు. మనిషి గుర్తుపెట్టుకొని నడపవలసిన పరీక్ష రెండు నెలలు నడుస్తుంది, మూడో నెలలో పెళ్ళిళ్ళ ముహూర్తాలు వస్తాయి. డెబియన్‌లో ఈ ఏర్పాటు పెద్ద ఎత్తున ఉన్నది. ఏ ప్యాకేజీ కొత్త సంచిక వచ్చినా దాని పరీక్షలే కాక, దాని మీద ఆధారపడిన వాటి పరీక్షలూ నడుస్తాయి. హార్ఫ్‌బజ్ మారితే హార్ఫ్‌బజ్‌ను నమ్ముకున్న వారందరినీ గట్టు మీదికి పిలుస్తారన్నమాట. 2018 నుండి, ఒక ప్యాకేజీ అస్థిర శాఖ నుండి పరీక్షా శాఖకు ఎంత త్వరగా వెళ్ళగలదో నిర్ణయించడంలో ఈ ఫలితాలకు చోటు ఇచ్చారు. శివారు రైతు మాటను లాకు దగ్గర వినే ఏర్పాటు అది.

మా ప్యాకేజీ డెబియన్‌లోకి పోయేంతటిది కాదు. కనుక దాని చిన్న నకలు ఒకటి మా ఇంట్లో పాత ల్యాప్‌టాపులో పెట్టాను. రాత్రి రెండు గంటలకు లేచి, డెబియన్ నుండి ఆ రోజు వచ్చిన మార్పులను తెచ్చుకొని, ఖాళీ కంటెయినరులో మా ప్యాకేజీని స్థాపించి పరీక్షిస్తుంది. గెలిచిన మార్పులు మాత్రమే ప్రెస్సు పెట్టెకు వెళతాయి. ఓడితే పెట్టె నిన్నటి స్థితిలోనే ఉండిపోతుంది, నాకు చిన్న జాబు వస్తుంది. మా ఊళ్ళో రాత్రి రెండు గంటలకు కరెంటు ఉంటుందన్న భరోసా లేదు కనుక, తప్పిపోయిన పరీక్షను కరెంటు రాగానే నడపమని గడియారానికి చెప్పి ఉంచాను.

మరొక జాగ్రత్త కూడా తీసుకున్నాను. కంటెయినరుకు కావలసిన ప్యాకేజీలన్నిటికీ ఇంట్లోనే ఒక నిలవ ఉంచాను. పరీక్ష నడుస్తున్నప్పుడు బయటి ప్రపంచంతో దానికి పని ఉండదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆపివేశారు. ఇంటి నుండి ఉద్యోగాలు చేసుకొనే మా కుర్రవాళ్ళు లాప్‌టాపులు చంకన పెట్టుకొని ఏటి అవతలి ఊళ్ళకు వెళ్ళిన రోజులవి. ఆ రోజుల్లోనూ మనుషులు పోయారు, పెళ్ళిళ్ళు జరిగాయి, కార్డులు అచ్చయ్యాయి. నెట్టు లేకపోతే నడవని పరీక్షను ఆ అనుభవం తరువాత నేను నమ్మలేను.

ఇప్పటికి ఇది నడవడం మొదలై ఏడాది దాటింది. ఎన్నిసార్లు ఓడిందని మిత్రుడొకరు అడిగారు. చాలా రాత్రులు గెలుస్తుంది, నాకు జాబు రాదు, నేను దానిని మరచిపోతాను. అదే దాని ఉద్యోగం. డెబియన్ 13కు మారేటప్పుడు మాత్రం ముందుగా 13 కంటెయినరులో వారం రోజులు నడిపించి, ఆ తరువాతే పెట్టె జోలికి వెళ్ళాను. వారంలో ఒకసారి ఓడింది. ఖతి ఫైలు ఎక్కడున్నదో పాత చిరునామాతో వెదికే వరుస ఒకటి మేనల్లుడి ప్రోగ్రాములో మిగిలి ఉన్నది. ఆ చిరునామా తీసేసి, ఖతి ఎక్కడున్నదో వ్యవస్థనే అడిగేలా మార్చాను.

బాబాయి గారికి ఈ గెలుపు ఓటముల మీద నమ్మకం కుదరలేదని ఒప్పుకోవాలి. వెడల్పు తగ్గితే ఒత్తు కుదిరినట్టేనన్న నా లెక్కను ఆయన శ్రద్ధగా విని, "విరగలేదు సరే, కూర్చున్నదా?" అని అడిగారు. దానికి నా పరీక్ష దగ్గర జవాబు లేదు. శ్రీలో రవత్తు శ కడుపుకు మరీ అంటుకుపోతే, ఘ్రేలో ఏత్వం కాస్త పక్కకు ఒరిగితే, వెడల్పుకు తెలియదు. ఆయన కంటికి తెలుస్తుంది. సీసపు అక్షరాన్ని వేలితో తడిమిన కన్ను అది. అందుకని ఆయన కోసం మరొక వరుస చేర్చాను: సంచిక మారిన ప్రతిసారీ జాబితాలోని మాటలన్నిటినీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద అచ్చు తీయాలి. అది యంత్రానికి పరీక్ష కాదు, ప్రూఫు.

మొన్న ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. "అన్నీ పాసయ్యాయండీ" అన్నాను. "ఆయ్, అలాగా" అంటూ సొరుగు నుండి భూతద్దం తీసి, వెలుతురు కోసం వీధిగుమ్మం దగ్గరికి జరిగి, మొదటి వరుస నుండి చదవడం మొదలుపెట్టారు. వ్యాఘ్రేశ్వరం దగ్గర ఆగి, పెన్సిలుతో ఒక చిన్న సున్న చుట్టారు.